కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కొచ్చిన జనాన్ని ఏమడగాలి, ఎక్కడ నిలబడి అడగాలి

మ్యాచ్ అయిపోయాక గేటు దగ్గర నిలబడి "ఎట్లుంది?" అని అడిగితే గెలిచిన కాలేజీవాళ్ళు "సూపర్" అంటారు, ఓడినవాళ్ళు రిఫరీని తిడతారు, మిగతావాళ్ళు మొహమాటానికి "బాగుంది సార్" అని వెళ్ళిపోతారు. ఈ మూడు జవాబుల్లో ఏ ఒక్కటీ ఏర్పాట్లు చూసే పీడీకి (కాలేజీ ఫిజికల్ డైరెక్టరుకు) పనికిరాదు. "రెండో గేటు కాడ నీళ్ళ క్యాను హాఫ్ టైమ్‌కే అయిపోయింది" అనే మాట పనికొస్తుంది. ఎక్కడ, ఎప్పుడు, ఏమైంది అనేవి మూడూ అందులో ఉన్నాయి. మళ్ళీ మ్యాచ్‌కు అక్కడ ఇంకో క్యాను పెడితే చాలు. ప్రేక్షకుల అభిప్రాయాలు సేకరించడమంటే ఇలాంటి మాటలు రాబట్టడమే. మార్కులు వేయించుకోవడంతో ఒరిగేదేమీ లేదు.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే ఆటే వేరు (బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్), ఏర్పాట్లూ వేరు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చోవచ్చు. అలాంటిచోట టికెట్టు కొన్నవాళ్ళ ఈమెయిల్, సీటు నంబరు ముందే చేతిలో ఉంటాయి కాబట్టి ప్రశ్నలు తర్వాత తీరిగ్గా పంపుకోవచ్చు. మన ఇంటర్ కాలేజియేట్ మ్యాచ్‌కు సాధారణంగా టికెట్టే ఉండదు. ఎవరొచ్చారో, ఎటు కూర్చున్నారో, ఎప్పుడు లేచిపోయారో రాసిపెట్టేవాళ్ళు ఉండరు. అందుకని అడగాల్సింది మైదానంలోనే, ఆ పూటే. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ తారకరామ స్టేడియం అంత పెద్దదైనా, చిత్తూరులో డిగ్రీ కాలేజీ వెనకాల సున్నం గీతలు గీసిన ఖాళీ స్థలమైనా పద్ధతి ఇదే.

ముందురోజు పని

ఒక పెద్ద చార్టు మీద మైదానం బొమ్మ గీయండి. గేట్లు, గ్యాలరీ, నీళ్ళు పెట్టేచోట్లు, బాత్రూములు, బండ్లు నిలిపేచోటు, మైకు పెట్టెలు అన్నీ గుర్తించండి. ఒక్కో భాగానికి పేరు పెట్టేటప్పుడు 'బ్లాక్ ఏ', 'బ్లాక్ బీ' అనొద్దు, అవి గోడమీద రాసుంటే తప్ప ఎవరికీ తెలియవు. తిరుపతిలో ఎక్కడ నిలబడ్డా ఉత్తరాన శేషాచలం కనపడుతూనే ఉంటుంది, కాబట్టి 'కొండ వైపు' అంటే కొత్తగా వచ్చినవాళ్ళకూ తెలుస్తుంది. మిగతావాటికి 'హాస్టల్ వైపు', 'బాస్కెట్‌బాల్ కోర్టు పక్క', 'గోలు వెనకాల' లాంటి నోట్లో ఉన్న పేర్లే వాడండి.

అడిగేవాళ్ళను ఎంచుకోవడం ఇంకో ముఖ్యమైన పని. లెక్చరర్లను పెట్టొద్దు, వాళ్ళ ముందు విద్యార్థులు నోరు విప్పరు. ఆడుతున్న రెండు కాలేజీల జెర్సీలు వేసుకున్నవాళ్ళనూ వద్దు. ఈ రెండింటికీ చెందని కాలేజీ ఎన్ఎస్ఎస్ పిల్లలు దొరికితే అంతకంటే మంచిది లేదు. ఇద్దరిద్దరు చొప్పున ఆరు జట్లు చేయండి. ఒకరు అడగాలి, ఇంకొకరు రాయాలి. అడుగుతూనే రాయబోతే తల కిందికి వంగిపోతుంది, ఎదుటి మనిషి జారుకుంటాడు. ఆరింటిలో కనీసం మూడు జట్లలో అమ్మాయిలుండాలి, ఎందుకో బాత్రూముల సంగతి వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఒక్కో మనిషికి రెండు నిమిషాలు పడుతుంది. ఫుట్‌బాల్ నిబంధనల ప్రకారం హాఫ్ టైమ్ 15 నిమిషాలు మించకూడదు. ఆ లోపు జట్టుకు ఏడుగురు, ఆట అయ్యాక ఇరవై నిమిషాల్లో జట్టుకు పదిమంది. ఆరు జట్లకూ కలిపి వంద కార్డులు తేలిగ్గా వస్తాయి.

వంద సరిపోతాయా? మనిషిని ఏరుకోకుండా అడిగితే వంద జవాబులకు లెక్క ఇంచుమించు పది శాతం అటూఇటూ ఉంటుంది. అంటే నలభైమంది 'మైకు వినపడలేదు' అన్నారంటే నిజం ముప్ఫైకీ యాభైకీ మధ్య ఎక్కడో ఉందని అర్థం. ఆ తేడాను ఐదు శాతానికి తగ్గించాలంటే నాలుగు వందలమందిని అడగాలి. నాలుగింతల చాకిరీకి దక్కేది సగం తగ్గుదలే కాబట్టి కాలేజీ మ్యాచ్‌కు వంద చాలు. మొత్తం జనమే మూడు వందలుంటే డెబ్భై ఐదుతో సరిపెట్టుకోవచ్చు.

ఏరుకోకుండా అడగడమంటే గేటు దగ్గర ఒక గీత గీసి, దాన్ని దాటిన ప్రతి పదో మనిషినీ ఆపడం. ఇలా కట్టడి చేయకపోతే వాలంటీర్లు తమ ఈడువాళ్ళనే, అందులోనూ నవ్వుమొహంతో వచ్చేవాళ్ళనే ఆపుతారు. కుటుంబంతో వచ్చిన పెద్దాయన, పక్కవీధి నుంచి వచ్చిన ఆటో అన్న, బొరుగుల బండి పెట్టుకున్న అక్క ఎవరి లెక్కలోకీ రారు. ఆ అక్క పొద్దుటినుంచీ గేటు దగ్గరే ఉంటుంది. తోపులాట ఎప్పుడు మొదలైందో ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు, కాబట్టి ఆమెను పదో మనిషి లెక్కతో పని లేకుండా విడిగా అడగండి.

కార్డు

ఏ4 మందపాటి కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక్కో కార్డు. వంద కార్డులకు 25 కాగితాలు, పాడైపోయేవాటికి ఇంకో ఐదు. ఒక్క పక్కే అచ్చు వేయండి. పెన్ను వద్దు, పెన్సిలే మేలు. చెమట చేతులకూ తుంపరకూ జెల్ పెన్ను అలుక్కుపోతుంది. కార్డు పైమూల గేటు పేరు, టైము ముందే రాసుంచుకోండి. నాలుగు ప్రశ్నలు మించొద్దు:

ఎటువైపు కూర్చున్నారు? (కొండ వైపు, హాస్టల్ వైపు, గోలు వెనకాల, నిలబడే చూశాం)

నీళ్ళు తాగారా? తాగడానికి ఎంతసేపు నిలబడ్డారు?

మధ్యలో లేచి వెళ్ళిపోదామని అనిపించిందా? ఎప్పుడు, ఎందుకు?

మళ్ళీ మ్యాచ్‌కు ఒక్కటే మార్చాలంటే ఏది మార్చమంటారు?

మూడో ప్రశ్నకే అసలు సరుకు దొరుకుతుంది. 'సౌకర్యాలు బాగున్నాయా' అంటే తల ఊపే మనిషి కూడా దీనికి "సెకండాఫ్‌లో ఎండ కళ్ళల్లోకి కొట్టింది, లేచి చెట్టు కిందికి పోయినా" అని చెప్పేస్తాడు. 'నీళ్ళు, బాత్రూములు బాగున్నాయా' అని రెండింటినీ ఒకే ప్రశ్నలో కలిపితే వచ్చిన 'లేదు' దేనికి చెందిందో తేల్చలేరు. పదికి ఎన్ని మార్కులు వేస్తారని కూడా అడగొద్దు, చాలామంది మొహమాటానికి ఎనిమిదో తొమ్మిదో వేసేస్తారు.

జవాబును నోట్లోంచి వచ్చినట్టే రాయమని వాలంటీర్లకు గట్టిగా చెప్పాలి. "సామీ, ఆ పక్క మైకులో ఏం చెప్తా ఉండారో ఒక్క ముక్క తెలీలే" అన్న మాటను 'ధ్వని వ్యవస్థ సంతృప్తికరంగా లేదు' అని దిద్దితే 'ఆ పక్క' అన్నది పోతుంది, దాంతో ఏ పెట్టెను సరిచేయాలో తెలియకుండా పోతుంది. చిత్తూరులో తమిళం మాట్లాడేవాళ్ళు తగిలే అవకాశం ఎక్కువ. ఉర్దూ మాట్లాడే కుటుంబాలూ వస్తాయి. కార్డు మూడు భాషల్లో అచ్చువేయడం కంటే ఆ భాషలొచ్చిన పిల్లల్ని ఒక్కో జట్టులో ఉంచడం తేలిక.

ఫోను ఫారం కూడా పెట్టుకోవచ్చు, అయితే దానిమీదే ఆధారపడొద్దు. జనం ఎక్కువైతే డేటా నెమ్మదిస్తుంది, ఎండలో స్క్రీను కనపడదు. క్యూఆర్ కోడ్ అతికిస్తే ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు వెడల్పుండాలి. రెండు మీటర్ల దూరానికి 20 సెంటీమీటర్లు. మెరిసే లామినేషన్ వేస్తే ఎండ తళుక్కు కెమెరాకు అడ్డం పడుతుంది. పేరు, ఫోను నంబరు అడగకండి. ఇంటర్ పిల్లలు కూడా వస్తారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్ళ వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. పేరు లేకుండానే పని జరుగుతున్నప్పుడు ఆ తలనొప్పి మనకెందుకు?

చింతగింజల లెక్క

ఆగి మాట్లాడేంత ఓపిక అందరికీ ఉండదు. అలాంటివాళ్ళకోసం ఒకే ఒక్క ప్రశ్న, మూడు డబ్బాలు. బయటికి వెళ్ళే ప్రతి ఒక్కరి చేతిలో ఒక చింతగింజ పెట్టి, 'ఈరోజు మైకు వినపడిందా' లాంటి ప్రశ్నకు 'బాగా', 'అక్కడక్కడా', 'అస్సలు లేదు' అని రాసిన డబ్బాల్లో ఒకదాంట్లో వేయమనాలి.

దీంట్లో తప్పులు జరిగేచోట్లు కొన్నున్నాయి. గింజల గంప జనానికి వదిలేస్తే పిల్లలు గుప్పిళ్ళతో పోస్తారు, కాబట్టి ఒక మనిషి నిలబడి ఒక్కొక్కటే ఇవ్వాలి. లోపల కనపడే డబ్బాలైతే ఎక్కువ నిండినదాంట్లోనే అందరూ వేస్తారు, కాబట్టి చుట్టూ కాగితం చుట్టండి. చేతికి దగ్గరున్న డబ్బాకు ఊరికే ఎక్కువ పడతాయి, అందుకని సగం జనం వెళ్ళాక డబ్బాల వరస మార్చండి. గేటు నోట్లో పెట్టారంటే మీరే తోపులాట తెచ్చినట్టు. గేటు దాటాక పదడుగులు అవతల, ఒక పక్కగా పెట్టండి.

లెక్కపెట్టడానికి కూర్చోనక్కర్లేదు. వంటింటి డిజిటల్ త్రాసు మీద వంద గింజలు తూచి, తర్వాత డబ్బాలో ఉన్నవన్నీ తూచి, ఆ బరువును వంద గింజల బరువుతో భాగించి వందతో గుణిస్తే సంఖ్య వస్తుంది. గింజలు చిన్నాపెద్దా ఉంటాయి కాబట్టి కాస్త తేడా పడుతుంది, దాంతో నష్టం లేదు. తడిసినవైతే ఆరాక తూచండి.

ఎప్పుడు అడగాలి

ఆట అయ్యాక మాత్రమే అడిగితే చివరిదాకా ఓపిగ్గా కూర్చున్నవాళ్ళే దొరుకుతారు. ఇబ్బంది పడి హాఫ్ టైమ్‌కే వెళ్ళిపోయినవాళ్ళ మాట ఎక్కడా నమోదు కాదు. అందుకని హాఫ్ టైమ్ నుంచి ప్రతి గేటు దగ్గరా ఒక జట్టు ఉండాలి. ముందే వెళ్ళేవాళ్ళను ఒక్కటే అడగండి: "అన్నా, ఎందుకు వెళ్తున్నారు?" శ్రీకాళహస్తి, పుత్తూరు, చంద్రగిరి వైపు బస్సు పట్టుకోవాల్సిన డే స్కాలర్లు చాలామంది ఉంటారు. వాళ్ళ కార్డు మీద 'బస్సు' అని రాసి పక్కన పెట్టండి, అది మీ ఏర్పాట్ల లోపం కాదు. మిగిలిన కార్డులే అన్నిటికంటే విలువైనవి.

హాఫ్ టైమ్‌లో నీళ్ళ క్యూను ఆపి అడగొద్దు, క్యూలో నిలబడ్డవాళ్ళతోనే నడుస్తూ అడగండి. బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా గరుడసేవ నాడు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో తిరుపతి రోడ్ల సంగతి చెప్పక్కర్లేదు. అలాంటి రోజున పార్కింగ్ గురించి వచ్చిన ఫిర్యాదులను మామూలు రోజులతో కలపకండి. అసలు ఆ రోజుల్లో మ్యాచ్ పెట్టకపోవడమే మేలు.

ఫిర్యాదును కొలిచి చూడటం

జనం చెప్పేది నిజమే. కానీ కారణం వాళ్ళనుకున్నదే కావాలని లేదు. ఫిర్యాదు రాగానే దాన్ని ఒక అంకెతో సరిచూసుకోవాలి.

నీళ్ళు లేవంటారు. ఎండపూట మనిషికి అరలీటరు వేసుకుంటే వెయ్యిమందికి 500 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 25. ఈ లెక్క పీడీలకు తెలిసిందే, క్యాన్లు తెప్పిస్తారు కూడా. అయినా 'నీళ్ళు లేవు' అనే మాట ఎందుకొస్తుందంటే, కొళాయిలు చాలవు కాబట్టి. గ్లాసు నిండి మనిషి పక్కకు జరగడానికి పది సెకన్లు అనుకుంటే ఒక కొళాయి నిమిషానికి ఆరుగురికి, 15 నిమిషాల్లో 90 మందికి సరిపోతుంది. హాఫ్ టైమ్‌కు మూడు వందలమంది ఒక్కసారి లేస్తే నాలుగు కొళాయిలైనా కావాలి. మామూలుగా బల్లమీద ఉండేవి రెండు. వెనక ఇరవై నిండు క్యాన్లుండీ నూట ఇరవైమంది దాహంతో వెనక్కి వస్తారు. కార్డులో 'ఎంతసేపు నిలబడ్డారు' అని అడిగింది ఇందుకే. ఎక్కువసేపు నిలబడ్డామంటే కొళాయిలు పెంచాలి, అసలు దొరకలేదంటే క్యాన్లు పెంచాలి.

ఎండ సంగతి దిక్కుల్లో ఉంది. గోల్‌కీపర్‌కు సాయంత్రం సూర్యుడు ఎదురు కొట్టకుండా మైదానాన్ని మామూలుగా ఉత్తర దక్షిణాలుగా వేస్తారు. అప్పుడు ప్రేక్షకులు తూర్పు పడమరల్లో పడతారు. తూర్పు వైపు కూర్చున్నవాళ్ళకు సెకండాఫ్ మొత్తం సూర్యుడు మొహం మీదే. అక్కడ షామియానా వేసినా లాభం తక్కువ, వాలిన ఎండ కప్పు కిందినుంచి దూరుతుంది, ముందు పరదా కడితే ఆట కనపడదు. జనాన్ని పడమటి వైపుకు మార్చడమే దారి. ముఖ్య అతిథుల షామియానా మాత్రం ఎవరూ చెప్పకుండానే పడమర వైపుకు చేరుతుంది! మధ్యాహ్నమంతా కాగిన సిమెంటు మెట్ల మీద కూర్చోలేకపోతున్నారంటే మ్యాచ్‌కు గంట ముందు నీళ్ళు చల్లించి పట్టాలు పరిపించండి.

ఆట మొదలయ్యే టైము గురించి కూడా ఫిర్యాదులొస్తాయి. రెండు హాఫ్‌లు 90 నిమిషాలు, మధ్యలో 15, ఆగిన సమయం కలుపుకుంటే గంటా యాభై నిమిషాలు. డిసెంబరు మొదట్లో తిరుపతిలో సూర్యాస్తమయం ఐదూ నలభై ప్రాంతంలో. ఫ్లడ్‌లైట్లు లేకుండా నాలుగింటికి మొదలుపెడితే చివరి పది నిమిషాలు బంతి మసకగా కనపడుతుంది, పెనాల్టీలకు పోతే ఇక చెప్పేదేముంది. మూడున్నరకు మొదలవ్వాలి. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి, పరిచయాలూ ఫొటోలూ అయ్యేసరికి అర్ధగంట పోతుంది, కాబట్టి ఆయనకు మూడింటికని చెప్పండి.

మైకు వినపడలేదన్న కార్డులన్నీ ఒకే వైపు నుంచి వచ్చాయా చూడండి. రెండు గోల్‌పోస్టుల వెనకా రెండు హారన్లు కట్టి సౌండు పెంచడం మామూలుగా చేసే పని. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది. వంద మీటర్ల ఎడంలో ఉన్న రెండు హారన్లలో ఒకదాని దగ్గర కూర్చున్న మనిషికి రెండోదాని మాట సెకనులో దాదాపు మూడోవంతు ఆలస్యంగా చేరి మొదటి మాట మీద పడుతుంది. సౌండు పెంచినకొద్దీ ఇంకా కలగాపులగమే అవుతుంది. గ్యాలరీ పొడవునా చిన్న పెట్టెలు నాలుగైదు పెట్టి, జనం వైపుకు తిప్పి, తక్కువ సౌండుతో నడపాలి.

గేటు దగ్గర తోపులాటకు ఒక లెక్క ఉంది. చదునైన దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి ఎనభై మంది దాకా నడిచి పోగలరు. మూడు మీటర్ల గేటుకు ఒక రెక్కే తీస్తే 120 మంది, రెండూ తీస్తే 240 మంది. పదిహేను వందలమంది బయటికి పోవడానికి మొదటిదాంట్లో పన్నెండున్నర నిమిషాలు, రెండోదాంట్లో ఆరుంబావు. రెండో రెక్క తాళంచెవి ఎవరి జేబులో ఉందో మ్యాచ్ మొదలవ్వకముందే తేల్చుకోండి, రెక్కకు అడ్డంగా బండ్లు పెట్టనివ్వకండి.

బాత్రూముల సంగతి కార్డుల్లో తక్కువగా వస్తుంది. తక్కువ వచ్చిందని బాగున్నట్టు కాదు. తాళం వేసిన తలుపు చూసిన అమ్మాయి గేటు వైపు నడుస్తుందే గానీ కార్డు నింపడానికి ఆగదు, అబ్బాయి అడిగితే చెప్పదు. అమ్మాయిల చేతే అడిగించండి. 'బాగుందా' అని కాకుండా గడియ పడుతుందా, నీళ్ళున్నాయా, లైటుందా, చెత్తబుట్ట ఉందా అని నాలుగూ విడివిడిగా అడగాలి. ఫస్టాఫ్‌లోనూ సెకండాఫ్‌లోనూ గ్యాలరీలో ఆడవాళ్ళెంతమంది, మగవాళ్ళెంతమంది ఉన్నారో లెక్కేసి పెట్టుకోండి. ఆడవాళ్ళ సంఖ్య మగవాళ్ళ సంఖ్యకంటే బాగా ఎక్కువగా పడిపోయిందంటే ఏ కార్డూ రాకపోయినా ముందు బాత్రూములు చూడండి.

ఆ రాత్రే పూర్తిచేయాల్సింది

కార్డులు మర్నాటికి పెడితే, రాసినవాళ్ళకే వాళ్ళ చేతిరాత అర్థం కాదు. ముందురోజు గీసిన చార్టును బల్లమీద పరిచి, స్టిక్కర్ బొట్ల ప్యాకెట్లు తెచ్చుకోండి. నీళ్ళకు నీలం, ఎండకు ఎరుపు, మైకుకు పచ్చ, ఇలా ఒక్కో ఫిర్యాదుకు ఒక్కో రంగు. ఒక్కో కార్డూ చదివి, ఆ మనిషి చెప్పినచోట బొట్టు అతికించండి. వంద కార్డులూ అయ్యేసరికి ఏ మూల ఏ రంగు గుంపుగా పడిందో కంటికే తెలుస్తుంది.

రిఫరీ గురించి, ఆటగాళ్ళ గురించి రాసినవి వేరే కవరులో వేయండి, అవి మీ పరిధి కాదు. కొన్నింటికి మాత్రం లెక్కతో పని లేదు. జనరేటరు వైరు తొక్కుడుదారిలో ఉందనో, గేటుకు తాళం ఉందనో, అమ్మాయిలను ఎవరో ఏడిపించారనో ఒక్క కార్డు వచ్చినా ఆ రాత్రే పీడీకీ ప్రిన్సిపాల్‌కూ చెప్పాలి.

మిగతావాటిని డబ్బు అక్కర్లేనివి, సంతకం కావాల్సినవి, మన చేతిలో లేనివి అని విడదీసి, మొదటి రెండింటిలో ప్రతి పనికీ ఎదురుగా ఒక మనిషి పేరూ తేదీ రాయండి. పేరు లేని పని జరగదు.

తర్వాతి మ్యాచ్‌కు అదే గేటు దగ్గర ఒక బోర్డు పెట్టండి: పోయినసారి ఏమన్నారు, ఏం మార్చాం, ఏది మార్చలేకపోయాం, ఎందుకు. ఆ చివరిది దాచకండి. చదివినవాళ్ళు ఈసారి కార్డు నింపడానికి ఆగుతారు. ప్రశ్నల మాటలు మాత్రం ఒక్క అక్షరం మార్చకుండా మళ్ళీ అడగాలి, మారిస్తే పోల్చలేరు. వంద కార్డులను ఇంకో వంద కార్డులతో పోల్చేటప్పుడు తేడా ఇంచుమించు 14 కంటే తక్కువుంటే అది నిజమైన మార్పో, ఊరికే అలా పడిందో చెప్పలేం. నలభై కాస్తా ముప్ఫై రెండయిందని పేపరు ప్రకటన ఇవ్వకండి, ఇరవైకి దిగితే ఇవ్వండి.

చార్టు వెనకాల తేదీ, ఆట మొదలైన టైము, ఎండా వానా, వచ్చిన జనం ఎంతో రాసి కార్డులతో కలిపి పీడీ గదిలో భద్రపరచండి. ఎన్ఎస్ఎస్ పిల్లలు ఏటా మారిపోతుంటారు, నవంబరు వానలో జరిగిన మ్యాచ్‌ను మార్చి ఎండలో జరిగినదాంతో ఎవరూ పొరపాటున పోల్చకూడదు.